అల్లుడుగారికి చెప్పని రిపేరు

మా బంధువుల్లో నాకు కంప్యూటర్ బాగా వచ్చునన్న పేరుంది. అది ఎలా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను బందరులో ఒక జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతాను. పిల్లల మార్కులు కంప్యూటర్లో ఎక్కిస్తాను, ప్రశ్నపత్రాలు టైపు చేస్తాను, అంతకుమించి నాకేమీ తెలియదు. ఒకసారి పెదనాన్నగారింట్లో ప్రింటర్ మొరాయిస్తే దాని వైరు పీకి మళ్లీ పెట్టాను. అది టకటకా కాగితాలు వదిలింది. ఆ రోజు అక్కడ ఉన్న చుట్టాలందరూ చూశారు. ఇక అప్పటినుంచి ఎవరి ఫోన్లో బొమ్మలు చెరిగిపోయినా, ఎవరి పాస్‌వర్డ్ పోయినా నా ఫోనే మోగుతుంది. నాకు తెలియదంటే ఎవరూ నమ్మరు. తీరిక లేక అలా అంటున్నాననుకుంటారు.

అత్తయ్య ఫోన్ చేసినప్పుడు కూడా అలాంటిదేదో అయివుంటుందనుకున్నాను. అత్తయ్య అంటే మా నాన్నకు స్వయానా చెల్లెలు. నాగాయలంకలో వాళ్లకు ఐసు ఫ్యాక్టరీ ఉంది. వేటకు వెళ్లే పడవలకూ, రొయ్యల చెరువుల వాళ్లకూ అక్కడినుంచి ఐసు దిమ్మలు వెళ్తాయి. మిషన్లు, పనివాళ్లు, కరెంటాఫీసు గొడవలు మావయ్య చూసుకుంటాడు. ముందున్న ఆఫీసు గది మాత్రం అత్తయ్యది. ఎవరికి ఎన్ని దిమ్మలు కావాలో కంప్యూటర్లో కొట్టి ఆవిడ చీటీ తీసి ఇస్తే తప్ప లోపల ఒక్క దిమ్మ కూడా బండెక్కదు. ఆ పద్ధతి పెట్టింది ఆవిడే. దాని విషయంలో మావయ్యను కూడా వేలు పెట్టనివ్వదు.

రెండో శనివారం సెలవే కదా, ఒకసారి వచ్చి వెళ్లమంది. కంప్యూటర్ ఏదో తిక్కగా చేస్తోందట. ఆన్ చేయగానే నీలం రంగు తెర ఒకటి వచ్చి, దాని మీద రెండు పేర్లు చూపించి, ఏది కావాలో చెప్పమంటోందట. ఆ రెండు పేర్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనట.

"ఒకటే పేరు రెండుసార్లు రాసి ఏది కావాలంటే ఏం చెప్పనే? మనిషైతే తిట్టి పంపేదాన్ని," అంది.

ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. దసరాకు అల్లుడుగారు వచ్చి బాగుచేసి వెళ్లిన దగ్గర్నుంచి అంది. అప్పుడు నాకు విషయం కొంత అర్థమైంది. అత్తయ్య అల్లుడు, అంటే మా మరదలి భర్త, గుడివాడలో ఉంటాడు. ఏదో కంపెనీకి ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. పండక్కి వచ్చినవాడు, అత్తగారి కంప్యూటర్ నత్తలా నడుస్తోందని చూసి, దానికి కొత్త డిస్కు కొనితెచ్చి పెట్టి, ఆపరేటింగ్ సిస్టం మళ్లీ కొత్తగా వేసి వెళ్లాడు. నిజంగానే అది వేగంగా నడుస్తోందట. కాకపోతే తెరుచుకునే ముందు ఈ ప్రశ్న ఒకటి పట్టుకుంది.

మరి ఆయన్నే అడగొచ్చుగా అన్నాను. గుడివాడ ఏమంత దూరం? అసలు రానక్కర్లేదు, ఫోన్లో చెబితే సరిపోతుంది.

అత్తయ్య గొంతు తగ్గించింది. "అల్లుడితో ఎలా చెబుతామమ్మా, మీరు చేసిన పని బాగాలేదని? పాపం, పండగపూట బట్టలు మాసిపోయేలా కూచుని చేశాడు. నువ్వు వచ్చి చడీచప్పుడు లేకుండా సరిచేసి వెళ్లు. నీ మరదలికి కూడా చెప్పకు."

అంటే ఆ పని తెలిసిన ఒక్క మనిషికీ తెలియకుండా, ఆ పని తెలియని నేను దాన్ని బాగుచేయాలి. నాకది ఫోన్లోనే అర్థమైంది. అయినా సరేనన్నాను. అత్తయ్యతో కాదనడం మా నాన్నకే చేతకాలేదు.

శనివారం పొద్దున్నే బందరులో బస్సెక్కాను. చల్లపల్లి దాటాక ఒకచోట రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే బస్సు పక్కకు వంగి వంగి వెళ్లింది. అవనిగడ్డలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా ఫోన్లో ఈ రెండు పేర్ల రోగం గురించి చదువుతూనే ఉన్నాను. దీని గురించి లోకంలో ఎంతమంది ఏడుస్తున్నారో చూస్తే కొంత ధైర్యం వచ్చింది. అందరూ సులువేనని రాశారు. సులువేనని మొదలుపెట్టిన ప్రతివాడూ, తేడా వస్తే తనకు సంబంధం లేదని చివర్లో రాశాడు.

ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు గది కంప్యూటర్‌కి తగిన చోటు కాదు. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. గోడకు చెమట పడుతుంది. అత్తయ్య కీబోర్డుకు పాలిథిన్ సంచీ తొడిగి, దాని మీదనుంచే కొడుతుంది. కంప్యూటర్ డబ్బాకు తుప్పు మరకలు. ఉప్పుగాలికి అక్కడ మేకులే నిలవవు, ఇదెంత.

ఆన్ చేశాను. ఆవిడ చెప్పినట్టే నీలం తెర వచ్చింది. రెండు వరుసలు, ఒకే పేరు, ఒకే అంకె. మొదటిది నొక్కితే మోపిదేవి స్వామి ఫోటోతో మామూలు తెర వచ్చింది. ఆపి, మళ్లీ ఆన్ చేసి రెండోది నొక్కాను. అదే స్వామి, అదే ఫోటో, ఐసు చీటీలు కొట్టే బొమ్మ అదే మూలన. అత్తగారికి కొత్తగా అనిపించకూడదని అల్లుడు అన్నీ ఎక్కడివక్కడ సర్దిపెట్టినట్టున్నాడు. ఏది ఏదో పోల్చుకునే వీలే లేదు. కాసేపు వాడితే గాని తెలియదు: ఒకటి చకచకా కదులుతుంది, ఇంకొకటి ఆవులిస్తూ కదులుతుంది.

అక్కడ గుమాస్తా ఒకాయన ఉన్నారు. మావయ్య కంటే పెద్దవారు. మీరు ఏది నొక్కుతున్నారండీ అని అడిగాను. పొద్దున పైది నొక్కుతానని చెప్పారు. మధ్యలో కరెంటు పోయి వస్తే కిందది నొక్కుతారట. ఎందుకంటే, కరెంటు పోయినప్పుడు పైది పాడైవుంటుందని అనుమానమట. అత్తయ్య లెక్క వేరు. పైది అల్లుడుగారు వేసింది, కిందది తనది. అందుకని ఆవిడ ఎప్పుడూ కిందదే నొక్కుతుంది. అల్లుడుగారిది పాడుచేయకూడదని.

నిజానికి చకచకా కదిలే కొత్తది కిందదే. నేను తల పట్టుకున్నాను. దీనివల్ల ఏం జరుగుతోందో అప్పుడు తెలిసింది. కొత్త డిస్కులో ఒక సిస్టం, పాత డిస్కులో పాత సిస్టం, రెండూ బతికే ఉన్నాయి. చీటీలు కొట్టే ప్రోగ్రాం రెండింటిలోనూ ఉంది. ఒకదాంట్లో కొట్టిన చీటీ ఇంకొకదాంట్లో కనపడదు. దసరా నుంచి వీళ్లిద్దరూ కలిసి ఫ్యాక్టరీ చీటీలను రెండు చోట్ల పంచిపెట్టేశారు.

అత్తయ్య నన్ను పిలిపించిన అసలు కారణం కూడా అప్పుడే బయటికొచ్చింది. ఆ వారంలో ఒక వ్యాను డ్రైవరు, తాను పొద్దున చీటీ తీయించుకున్నానని, అందులో కొన్ని దిమ్మలు ఇంకా తనకు రావాలని, అవి ఇమ్మని వచ్చాడట. కంప్యూటర్లో చూస్తే అతని పేరు మీద చీటీయే లేదు. అబద్ధమాడుతున్నావని అత్తయ్య అందరి ముందూ అనేసింది. అతను మర్నాడు వచ్చి మడతలు పడ్డ చీటీ కాగితం బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడట. అది చెబుతున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. గుమాస్తాగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ముందు పాతదాంట్లోని చీటీలు కొత్తదాంట్లోకి తేవాలి. అది మీట నొక్కితే అయ్యే పనిలా కనపడలేదు నాకు. పాతదాంట్లోకి వెళ్లి అన్నీ ప్రింటు తీశాను. కొత్తదాంట్లోకి వచ్చి, గుమాస్తాగారు చదువుతుంటే నేను మళ్లీ కొట్టాను. ఆయన ప్రతి పేరు దగ్గరా ఆగి ఆ మనిషి ఎవరి తాలూకో, చెరువు ఏ ఊళ్లో ఉందో చెప్పేవారు. నాకు అక్కర్లేదండీ, పేరు చాలు అంటే, అలాగేనమ్మా అని మళ్లీ చెప్పేవారు. వ్యాను డ్రైవరు చీటీ వచ్చినప్పుడు మాత్రం ఒట్టి పేరు చదివి ఊరుకున్నారు. అత్తయ్య లేచి వెళ్లి అతనికి ఫోన్ చేసింది. పొరపాటు మాదేనని, ఆ మాట అన్నది నలుగురిలో కాబట్టి నలుగురిలోనే మళ్లీ చెబుతానని, ఒకసారి రమ్మని చెప్పింది. అవతల అతను ఏమన్నాడో గాని, తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు ఆవిడ మొహం కాస్త తేటపడింది.

ఆ తర్వాత పని నిజంగానే సులువు. కొత్త సిస్టంలో ఉండగానే ఒక చిన్న సెట్టింగుల కిటికీ తెరవాలి. దాంట్లో ఆ రెండు పేర్లూ కనిపిస్తాయి. ఇప్పుడు నడుస్తున్నది ఇదేనని ఒకదాని పక్కన రాసి ఉంటుంది. అది లేని రెండోదాన్ని చెరిపేయాలి. నేను దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. చివరికి ఊపిరి బిగబట్టి నొక్కాను. ఆపి ఆన్ చేస్తే, ఏ ప్రశ్నా లేకుండా, నీలం తెర లేకుండా, నేరుగా స్వామి వచ్చాడు. అత్తయ్య దణ్ణం పెట్టుకుంది. స్వామికో కంప్యూటర్‌కో నేనడగలేదు.

అప్పుడు నేను బస్సెక్కి వచ్చేయాల్సింది.

భోజనానికి ఇంటికి తీసుకెళ్లింది. ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. గోంగూర రొయ్యలు వండింది. వడ్డిస్తూ, ఆ పాత డిస్కు ఇంకా డబ్బాలోనే ఉందా అని అడిగింది. ఉంది అత్తయ్యా, ఉన్నా ఇబ్బంది లేదు, ఇక అది పైకి రాదు అన్నాను. ఆవిడకు నచ్చలేదు. లోపలున్నది ఎప్పుడో ఒకప్పుడు పైకి రాదని ఏముంది అంది. నాకు కూడా అది సబబేననిపించింది. పైగా ఆ పాత డిస్కు లోపల కరకరమని చప్పుడు చేస్తోంది. రేపో మాపో పోయేదే. దాన్ని వదిలేస్తే అత్తయ్య మళ్లీ రెండో శనివారం పిలుస్తుంది.

తిరిగి వచ్చి డబ్బా పక్క రేకు విప్పి, పాత డిస్కుకు ఉన్న వైరు పట్టి లాగాను. అది గట్టిగా పట్టుకుంది. ఇంకొంచెం లాగాను. ఊడి వచ్చింది. ఆన్ చేశాను.

నల్ల తెర. దాని మీద తెల్లటి అక్షరాలతో ఒకే వాక్యం. మొదలవడానికి తగిన డిస్కేదీ కనపడలేదని దాని అర్థం.

కొత్త డిస్కు అక్కడే ఉంది. సిస్టం దాంట్లోనే ఉంది. కాసేపటి క్రితం దాంట్లోనే కదా పనిచేశాం. అది ఎందుకు కనపడలేదో నాకు అంతుపట్టలేదు. పోనీ, పాత డిస్కు వైరు మళ్లీ పెట్టేద్దామని చూస్తే, వైరు చివర ప్లాస్టిక్ ముక్క విరిగి డిస్కులోనే ఉండిపోయింది. ఉప్పుగాలి దాన్ని అప్పడంలా చేసిపెట్టింది. ఎలా నొక్కినా అది కూర్చోదు.

ఇంతలో బయట బండ్లు ఆగిన చప్పుడైంది. పక్క ఊళ్లో ఒక చెరువులో రొయ్యలకు రోగం కనపడిందట. ఉన్నవాటినైనా దక్కించుకుందామని అప్పటికప్పుడు వలలు వేశారు. ఐసు కోసం ఒకదాని వెనక ఒకటి వ్యాన్లు వచ్చి నిలబడ్డాయి. లోపల దిమ్మల్ని పొడి చేసే మిషను వేశారు. ఆ మోతకు గది గోడలు అదిరాయి. డ్రైవర్లు కిటికీలోంచి చేతులు పెట్టి చీటీ, చీటీ అంటున్నారు. నా ముందు ఆ తెల్ల వాక్యం కదలకుండా అలాగే ఉంది.

అత్తయ్య పాత క్యాలెండరు కాగితాలు చింపి, వెనకవైపు చేత్తో రాసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. చకచకా రాస్తోంది, బండ్లు కదులుతున్నాయి. ఇంత బాగా సాగుతుంటే ఈ డబ్బాతో మనకెందుకు ఈ యాతన అని విసుక్కున్నాను. నాకప్పటికే ఏడుపు వచ్చేలా ఉంది.

ఆవిడ రాస్తూనే చెప్పింది. "మొదట్లో ఇలాగే రాసేదాన్ని. ఆడమనిషి రాసిన చీటీ కదా, వచ్చిన ప్రతివాడూ తగువే. నేను పది అన్నాను, ఆవిడ ఎనిమిది రాసిందని. మీ మావయ్యను పిలవమనేవాళ్లు. మిషను కొట్టిన చీటీతో ఎవడూ తగువు పెట్టుకోడు. అందుకే అది నాకు కావాలి."

ఆ వెంటనే ఒక డ్రైవరు తన చీటీలో అంకె తప్పని, అయ్యగారిని పిలవమని అననే అన్నాడు. అత్తయ్య పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది. నేను ఫోన్ తీశాను. గుడివాడకు చేస్తున్నాను అన్నాను. వద్దని ఆవిడ కళ్లతోనే చెప్పింది. ఇక నావల్ల కాదన్నాను. అయితే అది బందరులో మీ ఇంట్లో కంప్యూటరని చెప్పు, నాగాయలంక మాట ఎత్తకు అంది. అప్పుడు వాదించే ఓపిక నాకు లేదు.

ఆయన వెంటనే ఎత్తాడు. నాకంటే చిన్నవాడే అయినా, మరదలి భర్త కాబట్టి మీరనే అంటాను. మా ఇంట్లో కంప్యూటర్‌కి ఇలా అయిందని, పాత డిస్కు తీసేస్తే కొత్తది లేవడం లేదని చెప్పాను. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని స్పీకర్ పెట్టాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

ఆయన శ్రద్ధగా విన్నాడు. వేసేటప్పుడు పాత డిస్కు తీయకుండా కొత్తదాంట్లో సిస్టం వేసి ఉంటారని, అలా వేస్తే, మొదట ఎక్కడ మొదలవ్వాలో చెప్పే భాగం పాతదాంట్లోనే ఉండిపోతుందని, అందుకే పాతది తీస్తే కొత్తదానికి దారి తెలియడం లేదని ఓపిగ్గా చెప్పాడు. ఎవరు వేశారో గాని తొందరపడ్డారండీ అన్నాడు. అత్తయ్య తల దించుకుంది. నేను ఊఁ కొట్టాను.

తర్వాత ఆయనే అడిగాడు. "అక్కయ్యగారూ, అక్కడ ఐసు పొడి చేసే మిషను మోగుతోందండీ. బందరులో మీ ఇంటి పక్కన ఐసు ఫ్యాక్టరీ పెట్టారా?"

నేను అత్తయ్య వైపు చూశాను.

"అది మా అత్తగారి కంప్యూటరే కదండీ," అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. దసరా నుంచి వారానికోసారి ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతున్నాడట. ప్రతిసారీ బ్రహ్మాండంగా ఉంది బాబూ అన్నదట ఆవిడ. ఆ నీలం తెర వస్తుందేమోనని ఆయనకు అప్పుడే అనుమానం ఉందట. వస్తోందని ఒక్క మాట అని ఉంటే అప్పుడే ఫోన్లో సరిచేసేవాణ్ణి కదా అన్నాడు. నాకు ఆ క్షణంలో ఇద్దరి మీదా సమానంగా మండింది. నా సెలవు, నా బస్సులు, గుమాస్తాగారు వినిపించిన చెరువుల చరిత్ర, అన్నీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఉండేవి.

ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నేను చేసింది బాగాలేదని ఎవరూ అనలేదండి. ఒకసారి మావయ్యగారికి టీ పెట్టిచ్చాను. పంచదార అనుకుని ఉప్పు వేశాను. ఆయన గ్లాసు మొత్తం తాగేసి బాగుంది బాబూ అన్నారు. నేను తాగితే గాని నాకు తెలియలేదు. అసలు వాళ్లు నన్ను ఇంట్లో మనిషిగా చూస్తున్నారో, వచ్చిపోయే పెద్దమనిషిగా చూస్తున్నారో నాకు అర్థం కాదండి."

మోత మధ్యలో కూడా ఆ మాటలు స్పష్టంగా వినిపించాయి. కిటికీ దగ్గర చెయ్యి పెట్టిన డ్రైవరు కూడా చెయ్యి తీసేశాడు. అత్తయ్య పెన్ను కింద పెట్టి లేచి వచ్చింది. కాసేపు ఫోన్ వైపే చూసింది. తర్వాత వంగి, ఫోన్‌కి దగ్గరగా మొహం పెట్టింది.

"బాబూ, మీరేమీ అనుకోకండి. మీరు చేసిన కంప్యూటర్ ఏమీ బాగాలేదండి. దసరా నుంచి నన్ను ఏడిపిస్తోంది," అంది.

"చెప్పండి అత్తయ్యగారూ," అన్నాడు. ఆ గొంతు మారింది.

ఇక ఆవిడ చెప్పింది. నీలం తెర గురించి, రెండు పేర్ల గురించి, వ్యాను డ్రైవరుతో పడ్డ సిగ్గు గురించి చెప్పింది. ఆయన పెట్టిన అక్షరాలు మరీ చిన్నవని, కళ్లజోడు పెట్టుకున్నా కనపడవని చెప్పింది. కంప్యూటర్ ఆగిపోయేటప్పుడు వచ్చే టింగుమనే చప్పుడు తనకు అసహ్యమని చెప్పింది. అక్కణ్ణుంచి కంప్యూటర్ దాటి, ఆయన పండక్కి వచ్చినప్పుడు తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడన్న దగ్గరికి వెళ్లింది. బయట హారన్లు మోగుతున్నాయి. నేనే ఆపాను. అత్తయ్యా, ముందు ఇది లేవనీ, తువ్వాలు సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

పండక్కి వచ్చి వెళ్లేటప్పుడు ఆయన ఒక పెన్ డ్రైవు ఇచ్చాడట, ఎప్పుడైనా అవసరమవుతుంది జాగ్రత్త చేయండని. అది ఎక్కడుందని అడిగాడు. అత్తయ్య ఇంట్లోకి వెళ్లి పూజగదిలోంచి తెచ్చింది. అల్లుడు జాగ్రత్త చేయమన్నది కాబట్టి కుంకుమ భరిణె పక్కన పెట్టిందట. దానికి కుంకుమ అంటుకుని ఉంది. చీర కొంగుతో తుడిచి ఇచ్చింది.

దాన్ని పెట్టి ఆన్ చేస్తే ఇంకో నల్ల తెర వచ్చింది. ఆయన అక్షరం అక్షరం చెబుతుంటే నేను పాలిథిన్ మీదనుంచి కొట్టాలి. ఐసు మిషను మోతలో బి ఏదో, డి ఏదో, పి ఏదో నాకు తెలిసి చావదు. బందరు బి, ఢిల్లీ డి అని అరుస్తున్నాడు. ఇక్కడ ఖాళీ వదలండి అన్నాడు. నేను ఆ మాట రెండో అక్షరం తర్వాత విన్నాను, ఆయన అన్నది చివరి అక్షరం తర్వాత. ఎంటర్ కొడితే, అలాంటి ఆజ్ఞ ఏదీ లేదని తెర కసిరింది. మళ్లీ కొట్టాను. మళ్లీ కసిరింది. నేను కాలేజీలో పిల్లల మీద కూడా అంత విసుక్కోను. నిదానంగా చెప్పండి అని ఆయన మీద అరిచాను. ఆయన కూడా, నిదానంగానే చెబుతున్నానండీ, మీరే ముందుకెళ్లిపోతున్నారు అని అరిచాడు. మా ఇద్దరి మధ్యా అత్తయ్య, అల్లుడిమీద అరవకే అంది. అలవాటు ఎక్కడికి పోతుంది.

చివరికి గుమాస్తాగారు బయటికి వెళ్లి, కాసేపు మిషను ఆపమని పనివాళ్లకు చెప్పారు. ఆ నిశ్శబ్దంలో అల్లుడుగారు చెప్పింది చెప్పినట్టు కొట్టాను. ఫైళ్లు విజయవంతంగా తయారయ్యాయని ఒక వరుస వచ్చింది. పెన్ డ్రైవు తీసి మళ్లీ ఆన్ చేశాను. నల్ల తెర, ఒక చుక్క, కొన్ని చుక్కలు గుండ్రంగా తిరగడం, ఆ తర్వాత స్వామి. పాత డిస్కు వైరు పక్కన వేలాడుతూనే ఉంది. కొత్తది తనంతట తానే లేచింది.

అత్తయ్య నన్ను పక్కకు జరగమని, కుర్చీలో కూర్చుని, మొదటి చీటీ ఇందాక అంకె తప్పన్న డ్రైవరుకే కొట్టి ఇచ్చింది. క్యాలెండరు కాగితం మీద ఉన్న అంకే దాంట్లోనూ ఉంది. అతను చూసుకుని, మాట్లాడకుండా బండెక్కాడు.

ఆ సాయంత్రం బస్సులో నాకు సీటు దొరకలేదు. చేతులకు గ్రీజు, మోకాళ్లకు తడి. అవనిగడ్డ దాకా నిలబడే వచ్చాను.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. పొద్దున్నే ఆయన మోటార్‌సైకిల్ వేసుకుని తననూ ఎక్కించుకుని నాగాయలంక వచ్చాడట. ఆ కంప్యూటర్ డబ్బా మొత్తం విప్పాడట. బల్ల చెమ్మగోడ పక్కన ఉండకూడదు, అవతలి గోడకు జరపాలి అన్నాడట. అవతలి గోడకు జరిపితే కిటికీలోంచి చీటీ ఎలా అందిస్తానని వాళ్లమ్మ అందట. చెమ్మలో ఉంచితే ఏడాదికి ఇంకో డిస్కు పోతుందని ఆయన. పోతే పోనీ, ముందు నా పని సాగాలి కదా అని ఆవిడ. ఇద్దరూ వీధిలోకి వినపడేలా వాదించుకున్నారట. మావయ్య ఏం చేయాలో తెలియక ఐసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడట. చివరికి బల్లను రెండు గోడలకూ మధ్య, గది నడిబొడ్డున వేశారట. ఇప్పుడు ఎవరు ఎటు వెళ్లినా దానికి కాలు తగులుతోందట.

ఇప్పుడేం చేస్తున్నారని అడిగాను. అమ్మ కీబోర్డు మీద సంచీ తీసేయమంటే తీయనంటోంది, ఆయన కొత్త సంచీ కత్తిరిస్తున్నాడు అంది. వాళ్లమ్మ ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం తానెప్పుడూ వినలేదట. భయం వేసిందట. కానీ ఆయన మాత్రం పొద్దుటినుంచి ఒకటే నవ్వుతున్నాడట.

"వదినా, నిన్న నువ్వు వచ్చి అక్కడ ఏం చేశావు?" అంది.

మీ ఆయన్ని అడుగు అన్నాను. అప్పుడే వెనకనుంచి అత్తయ్య గొంతు వినిపించింది, ఫోన్ నాతోనా అని, అయితే ప్రింటర్ ఎందుకో గీతలు పడుతోంది, ఒకసారి అడగమని. అల్లుడుగారు మీ పక్కనే ఉన్నారని చెప్పి ఫోన్ పెట్టేసి, మార్కుల పని ముందేసుకున్నాను.